ఎవరి చేయీ తాకని ప్లేటు

నా మీద ఒక చేయి ఉంది. ఏళ్లుగా ఉంది. చేయి అంటే కండ, ఎముక ఉన్నదేదో అనుకుంటారు. ఇది అలాంటిది కాదు. ఖాళీలతో తయారైన చేయి. తెల్లటి పొర మీద అయిదు వేళ్లు, ఒక అరచేయి, ఉన్నదాన్ని తీసేస్తూ పోయి గీసినట్టు. ఒక ఉదయం కాసేపే చూశాను దాన్ని. చూసి, ఎవరూ చూడకముందే మాయం చేశాను. అది మాయం కాలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, అన్నం కలుపుకుంటున్నప్పుడు, భుజం మీద ఎక్కడో ఆనుతుంది.

ఎవరి చేయో చివర్లో చెబుదామనుకున్నాను. చివరికి వచ్చేసరికి ధైర్యం చాలదేమో. ఇప్పుడే చెప్పేస్తాను. అది నాది.

పేరు చెప్పను. పెనుకొండలో ఉంటాను. నాకు మాటలు తక్కువ. నలుగురిలో ఎవరైనా నా వైపు తిరిగి చూస్తే చెవులు వేడెక్కుతాయి. పుస్తకాలు చదువుతాను కానీ చదువుతానని ఎవరికీ చెప్పను. డైరీ రాస్తాను. అందులో కూడా ఇది లేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీ ముఖం నాకు కనపడదు. అంతకన్నా పెద్ద కారణం నాకు దొరకలేదు.

హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని నాది. చక్కెర మిల్లులో చెరకు రసం నుంచి చక్కెరంతా తీసేశాక నల్లటి జిగట పాకం మిగులుతుంది. మడ్డి అంటాం. అది మాకు ట్యాంకర్లలో వస్తుంది. దాన్ని పలుచన చేసి, కాచి, మేడంత ఎత్తు స్టీలు ట్యాంకుల్లోకి ఎక్కిస్తారు. అందులోకి ఒక రకం బ్యాక్టీరియాను వదులుతాం. మడ్డిలో ఇంకా మిగిలి ఉన్న తీపిని అవి తిని, లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని బయటికి వదులుతాయి. కోళ్ల దాణాలో కలపడానికి దాన్ని కొంటారు. ట్యాంకులో అన్ని కోట్ల ప్రాణాలకూ మొదలు నా గదిలోనే. చలిపెట్టెలో చిటికెన వేలంత సీసాలుంటాయి. అందులోది ఒక చుక్క తీసి ఫ్లాస్కులో పెంచి ఇవ్వడమే నా ఉద్యోగం. దాన్ని సీడ్ అంటారు.

సీడ్ గదిలోకి బయటి చెప్పులతో రాకూడదు. గదికి వేరే చెప్పులున్నాయి. చేతులు కడుక్కోవాలి, స్పిరిట్ రాసుకోవాలి. ఇదంతా నేనే గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

ఆ ఫ్లాస్కును నా దగ్గర తీసుకుని ట్యాంకుదాకా మోసుకెళ్లే మనిషి రామాంజన్న. ధర్మవరం ఆయనది. పట్టుచీరలు నేసిన ఇల్లు. మగ్గం మీద గడవక ఇక్కడ కాంట్రాక్టు పనిలో చేరాడు. నల్లగా, సన్నగా ఉండేవాడు. వేళ్లు మాత్రం వేరే మనిషివేమో అన్నంత నాజూకుగా ఉండేవి. ఫ్లాస్కు మూతికి దూది బిగించి దారం కట్టడం నాకు ఆయనే నేర్పాడు. చిన్న కూతురికి జడ వేసేది కూడా తనేనని, వాళ్లమ్మ వేస్తే ఆ పిల్ల ఒప్పుకోదని రైల్లో గొప్పగా చెప్పేవాడు. మేమిద్దరం రోజూ ఒకే ప్యాసింజరులో వచ్చేవాళ్లం, పోయేవాళ్లం. నేను పెనుకొండలో దిగితే ఆయన ధర్మవరందాకా పోతాడు.

పొద్దున గది గడప అవతల నిలబడి రోజూ ఒకటే మాట అనేవాడు. "ఏం పాపా, నీ పిల్లోల్లు పాలు తాగినారా? ఎత్తుకొని పోదునా?" నేను నవ్వేదాన్ని. ఆ ఫ్యాక్టరీలో నన్ను నవ్వించిన మనిషి ఆయనొక్కడే.

ఇంక ఆయుధ పూజ సంగతి చెప్పాలి.

మా వైపు ఆ రోజు ఇనుము అన్నదాన్ని దేన్నీ వదలరు. బాయిలరుకు పసుపు, ట్యాంకులకు విబూది పట్టెలు, లారీలకు అరటి పిలకలు, తూకం వేసే కాటాకు కూడా ఒక దండ. గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొట్టారు. బొరుగులు, బెల్లం పంచారు. నేను ఒక పక్కన నిలబడి చూస్తున్నాను. అన్నింటికీ పూజ జరిగింది. పని చేసేవాటికి మాత్రం జరగలేదు అనిపించింది. ఆ ట్యాంకులు ఉత్త పాత్రలు. వాటిలో పని చేసే ప్రాణులు నా గదిలో, చలిపెట్టెలో, చీకట్లో ఉన్నాయి. వాటికి ఎవరూ ఒక పువ్వు కూడా పెట్టలేదు.

ఎంత చిన్న ఆలోచన! ఇప్పుడు రాస్తుంటే కూడా అప్పటి నేనైన ఆ అమ్మాయి మీద నాకు జాలి వేస్తుంది. జాలి వేయడం సరైనదేనా? తెలియదు.

పూజకని ఇంటినుంచి మా అవ్వ ఇత్తడి చెంబు తెచ్చి ఉన్నాను. నీళ్ల కోసం వెళ్తే గదుల్లో కొళాయిలన్నీ బంద్. సెలవని మోటారు ఆపేశారు. ప్రహరీ పక్కన మొక్కలకు పెట్టే కొళాయి ఒకటి మాత్రం వస్తోంది. చెంబు నింపుకున్నాను. దేవుడి పని కదా అని గది బయట చెప్పులు విడిచి, లోపలి చెప్పులు కూడా వేసుకోకుండా, ఉత్త కాళ్లతో వెళ్లాను. చలిపెట్టె తలుపుకు పసుపు రాసి బొట్టు పెట్టాను. మామిడాకుతో నీళ్లు చిలకరించాను. చలిపెట్టె మీద, ఫ్లాస్కులు ఊగే యంత్రం మీద, బల్ల మీద, మూలమూలకూ. చల్లగా మంచి జరగాలని మనసులో అనుకున్నాను కూడా.

ఆ కొళాయి నీళ్లు ఎక్కడివో నాకు తెలియదా? తెలుసు. మా వైపు నీళ్ల కరువు ఎవరికి తెలియదు? ఫ్యాక్టరీ కాల్వల్లో పోయే మురుగునే శుద్ధి చేసి మొక్కలకు వదులుతారు. తెలిసీ ఆ క్షణం గుర్తు రాలేదు. చెంబులో పోయగానే నాకు అవి తీర్థంలా కనిపించాయి. మా ఇంట్లో పెరిగిన ఎవరికైనా అలాగే కనిపిస్తాయి.

పండగ తర్వాత మొదటి ట్యాంకు చచ్చిపోయింది.

ట్యాంకు చావడం మీరు చూసి ఉండరు. బతికున్న ట్యాంకు ఒంట్లాగా వెచ్చగా ఉంటుంది. లోపలి ప్రాణులు వేడి పుట్టిస్తూనే ఉంటాయి, చల్లబరచడానికి చుట్టూ నీళ్లు తిరుగుతూనే ఉండాలి. పైన అద్దం లోంచి చూస్తే లేత గోధుమరంగు నురగ మసలుతూ ఉంటుంది. ఆ ఉదయం వెళ్లేసరికి నురగ లేదు. చిక్కగా ఉండాల్సిన ద్రవం తేటపడుతోంది. గాలి బుడగలు ఎవరికీ పనికిరానట్టు పైకి వచ్చి పగిలిపోతున్నాయి. చల్లబరిచే నీళ్లు తమంతట తామే ఆగిపోయాయి. నేను ట్యాంకు మీద అరచేయి ఆనించాను. చల్లగా ఉంది. వెనక్కి తీసుకోవాలనిపించింది, చేయి రాలేదు కాసేపు. అంత పెద్దది, ఏ గాయమూ లేకుండా, ఏ వాసనా రాకుండా, లోపలినుంచి ఖాళీ అయిపోయింది.

కడిగి, ఆవిరి పట్టి, మళ్లీ పెట్టారు. మళ్లీ అదే. ఈసారి నా ఫ్లాస్కులోనే మొదలైంది. సాయంత్రం పాలలా ఉన్నది పొద్దునకు కడుగునీళ్లలా ఉంది.

మేనేజరు సారు పోల్చాడు. బ్యాక్టీరియాకు కూడా ఒక జబ్బు ఉంటుంది. వాటిని మాత్రమే పట్టే వైరస్. ఫేజ్ అంటారు. మనిషికి, పశువుకు, చెట్టుకు అది ఏమీ చేయదు. దానికి ఆకలి లేదు, ఊపిరి లేదు. బతికుందని కూడా అనలేం. గోడ మీద, గుడ్డ మీద, గోటి సందులో ఊరికే పడి ఉంటుంది. తనకు కావలసిన ప్రాణి తగిలేదాకా ఎన్నాళ్లయినా ఉంటుంది. ట్యాంకులు కడిగిన నీళ్లు పోయే మురుగు కాల్వల్లో ఎక్కువ.

అది ఎక్కడుందో వెతకడానికి సారు నాచేత ప్లేట్లు పెట్టించాడు. ప్లేటంటే అరచేతిలో పట్టే గాజు మూత పెట్టె. అందులో మా బ్యాక్టీరియాను పల్చగా పరుస్తాం. రాత్రికి అది తెల్లటి పొరలా పెరుగుతుంది. ఫేజ్ పడిన చోట మాత్రం పెరగదు. అక్కడ గుండ్రటి ఖాళీ మిగులుతుంది. ఫ్యాక్టరీ అంతా అక్కడక్కడా ప్లేట్లు తెరిచి పెట్టి, మూసి, వెచ్చటి పెట్టెలో దాచాను. పొద్దున తెరిచాను. ఆఫీసులో పెట్టిన ప్లేటు తెల్లగా ఉంది. గేటు దగ్గరిది తెల్లగా ఉంది. నా గదికి దగ్గరయ్యే కొద్దీ కళ్లు తెరుచుకున్నట్టు ఖాళీలు. చలిపెట్టె మీద పెట్టిన ప్లేటులో పొరే లేదు. ఖాళీలన్నీ కలిసిపోయి ప్లేటంతా ఒక్క కన్నయి నన్ను చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది చెంబు.

ఎవరికీ చెప్పకుండా మొక్కల కొళాయి దగ్గరికి వెళ్లి ఒక చుక్క తెచ్చాను. ఇంకో ప్లేటు మీద వేశాను. మర్నాటికి అది కూడా అలాగే చూసింది. ఇంక అనుమానానికి చోటు లేదు. చలిపెట్టె మీది బొట్టును తడిగుడ్డతో తుడిచేశాను. బ్లీచింగ్ నీళ్లతో గదంతా తుడిచాను, కళ్లు మండేదాకా. తుడుస్తూ అనుకున్నాను, రేపు చెబుతాను, సారు ఒక్కడే ఉన్నప్పుడు చెబుతాను.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అదే అయితే నాకు కొంచెం గౌరవమైనా మిగిలేది. నిజం ఇంకా చిన్నది. నవ్వుతారని. మైక్రోబయాలజీ చదివి, గోడ మీద నియమాలు రాసి అంటించిన పిల్ల, బ్యాక్టీరియాకు బొట్టు పెట్టి నీళ్లు చల్లిందట అని క్యాంటీనులో చెప్పుకుంటారని. నేను వస్తుంటే ఆ మాట ఆగిపోతుందని, వెళ్లాక మళ్లీ మొదలవుతుందని. ఆ నవ్వును నేను ముందే విన్నాను. రానే రాని నవ్వు అది. దానికి భయపడి చేసిందే మిగతాదంతా.

సీడ్ తాకేది ఇద్దరమే, నేనూ రామాంజన్నా. ఇద్దరి చేతులూ, చేయంతా పట్టే పెద్ద ప్లేట్ల మీద ఆనించి చూడమన్నాడు సారు. ఆయన ప్యాంటుకు చేయి తుడుచుకుని, బిడియంగా, సంతకం పెట్టలేనివాళ్లు వేలిముద్ర వేసినట్టు ఆనించాడు. నేనూ ఆనించాను. మూడోది ఒకటి పెట్టాను, ఎవరి చేయీ తాకనిది. ప్లేట్లు సరిగా ఉన్నాయో లేదో తెలియడానికి అలా ఒకటి పెట్టడం పద్ధతి.

పొద్దున అందరికన్నా ముందు వెళ్లాను.

రామాంజన్న ప్లేటులో వేళ్ల కొసల దగ్గర అక్కడక్కడా ఖాళీలున్నాయి. ఉండకుండా ఎలా ఉంటాయి? నా గది గడప తాకిన ఎవరి చేతికైనా అంటుతుంది. రెండోది తీశాను. నా చేయి. మొత్తం చేయి. ప్రతి వేలూ, వేళ్ల మధ్య సందూ, అరచేతిలో గీతల చుట్టూ కూడా. తెల్లటి పొరలోంచి ఒక చేయి బయటికి నడిచి వెళ్లిపోతే మిగిలే ఖాళీ ఎలా ఉంటుందో అలా ఉంది. నా చేతిని దాని మీద పెట్టి చూశాను, మూత పైనుంచి. సరిపోయింది.

మూడోది తెల్లగా ఉంది.

ఇప్పటికీ నేను అక్కడే నిలబడి ఉంటాను ఒక్కోసారి. ఆ మూడు ప్లేట్ల ముందు. వేరే పని చేస్తానేమోనని చూస్తుంటాను. చేయను. ప్రతిసారీ అదే చేస్తాను. మూడో ప్లేటు మీది గుర్తు స్పిరిటుతో చెరిపి నా పేరు రాశాను. నా ప్లేటును పనికిరానివాటితో కలిపి, ఆవిరితో అన్నిటినీ చంపే పెద్ద కుక్కరులో పెట్టి మూత బిగించాను. మీట తిప్పాను. చేయి వణకలేదు. ఆ సంగతే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది.

సారు వచ్చి రెండూ చూశాడు. "చేయి పెట్టనిది ఒకటి పెట్టలేదా?" అన్నాడు. మర్చిపోయాను సార్ అన్నాను. కోప్పడ్డాడు. తర్వాత రామాంజన్నను పిలిచి, వెలుతురుకు ఎత్తి ప్లేటు చూపించాడు. "ఏమప్పా రామాంజీ, కాల్వలో చేయి కడుక్కొని వస్తాండావా ఏం?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు రావలసిన నవ్వు అది. ఆయన కాల్వల దగ్గర కూడా పని చేసే మాట నిజమే. చేతులు కడుక్కునే పోయినానంటే, చెప్పులు మార్చుకునే పోయినానంటే ఎవరు నమ్ముతారు? ప్లేటు ఎదురుగా ఉంది. కాంట్రాక్టు మనిషి. రేపటినుంచి రావద్దన్నారు.

ఆయన మాత్రం వాదించడం మానేసి ఆ ప్లేటునే చూస్తున్నాడు. తన వేళ్లు ఎవరో తిన్నట్టుగా ఉన్న ఆ గుర్తుల్ని.

ఆ సాయంత్రం రైల్లో ఎదురుగా కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాడు, వేరే ఎవరివో పట్టుకొచ్చినట్టు. మక్కాజిపల్లి వైపు కొండలు ఎర్రబడుతున్నాయి.

"పాపా," అన్నాడు. "నువ్వు చదువుకున్నేదానివి. చెప్పు. ఆ బిళ్లలో ఉండేది నిజంగా నా చేతిదేనా?"

"అట్లే వచ్చిందన్నా."

"మరి నీది?"

ఇక్కడ. ఇక్కడ చెప్పవచ్చు. రైలు పెట్టెలో మమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. నవ్వేవాళ్లు లేరు.

"నాది శుభ్రంగా ఉండిందన్నా."

ఆయన ముఖం తేలికపడింది. ఒట్టు, తేలికపడింది. "మంచిదాయె పాపా. నీకన్నా అంటలే."

తర్వాత మెల్లగా అడిగాడు. "ఇంట్లో పిల్లోల్లకేమన్నా అంటుతాదా ఇది?"

"లేదన్నా. మనుషులకు ఏం చేయదు."

"నా చేతిలో ఉండాదనే నాకు తెలీకపాయె," అన్నాడు. "అది ఏం చేస్తాదో, ఏం చేయదో ఎవురికి తెలుసు?"

పెనుకొండ వచ్చింది. రోజూ పైనుంచి నా సంచి తీసి ఇచ్చేది ఆయనే. ఆ రోజు లేవబోయి ఆగిపోయాడు. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"నువ్వే తీస్కో పాపా."

దిగాను. రైలు కదిలింది. కిటికీలోంచి ఎప్పుడూ చేయి ఊపేవాడు. ఊపలేదు.

ఆయన వెళ్లాక ట్యాంకులు బతికాయి. కొత్త రకం బ్యాక్టీరియా తెప్పించారు, ఆ ఫేజ్ పట్టనిది. గది నేను ముందే తుడిచి ఉన్నాను. అందుకని బతికాయి. కానీ అందరూ ఏమనుకుంటారు? రామాంజి పోయినాడు, ట్యాంకు లేచింది అన్నారు. ఆ మాట ధర్మవరందాకా పోయింది.

నాకు ఖాళీలు కనపడటం అప్పుడు మొదలైంది. పెనం మీద దోశ వేసినప్పుడు పైన చిల్లులు లేస్తాయి కదా, ఒకటి తర్వాత ఒకటి. ఒకరోజు దోశ వేస్తూ వేస్తూ అట్ల కాడ అక్కడే పెట్టి లేచి బయటికి వచ్చేశాను. వాన మొదలైనప్పుడు దుమ్ములో పడే మొదటి చినుకులు కూడా అంతే. ఏదో ఒక తెల్లటి పొర మీద నేను నడుస్తున్నట్టు, అడుగు తీసిన చోటల్లా పొర పోతున్నట్టు ఉంటుంది.

పోయిన ఏడాది మా చిన్నమ్మతో వాళ్ల ఊరు ధర్మవరం వెళ్లాను, పెళ్లికి చీర తీసుకోవడానికి. స్టేషను దగ్గర బండ్ల స్టాండులో చిన్నమ్మ స్కూటరు పెట్టి ఉంది. దాన్ని తీసుకోవడానికి వెళ్లాం. స్టాండులో ఆయన ఉన్నాడు. జుట్టు నెరిసింది. చీటీలు చూసి బండ్లు వదలడం ఆయన పని. వచ్చినవాళ్లు చీటీని బల్ల మీద పెట్టాలి. ఆయన ఒక చిన్న కట్టెపుల్లతో దాన్ని తన వైపు లాక్కుంటాడు. చిల్లర కూడా బల్ల మీదే పెడతాడు, పెట్టి చేయి వెనక్కి తీసుకుంటాడు.

నన్ను చూసి నవ్వాడు. "పాపా, బాగుండావా? నీ పిల్లోల్లు బాగుండారా?"

"బాగున్నారన్నా."

నవ్వుతూనే చేతులు వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

చిన్నమ్మకు ఆయన ఇల్లు తెలుసు. స్కూటరు మీద పోతూ తనే చెప్పింది. "ఆ మనిషికి మతి సరిగ్గా లేదు పో. మంచి నేతగాడు. పట్టు ముట్టుకోమంటే ముట్టుకోడు. నేను తాకితే చస్తాది అంటాడంట. పాపం, వాళ్లావిడే మగ్గం మీద కూర్చుంటాది." చిన్న కూతురి జడ ఎవరు వేస్తారని అడగాలనుకున్నాను. అడగలేదు.

ఉద్యోగం పోయిన మనిషికి ఇంకో ఉద్యోగం దొరకవచ్చు. నేను తీసుకున్నది ఉద్యోగం కాదు. ఆయన చేతులు. నా ఖాళీ చేయిని తీసుకెళ్లి ఆయనకు తొడిగాను. ఏళ్లుగా ఆయన దాన్ని ఎవరికీ తగలకుండా మోస్తున్నాడు.

నేను ఇంకా అదే గదిలో పని చేస్తున్నాను. ఆ గది తెలిసినవాళ్లు ఇది చదివితే నన్ను పోల్చుకుంటారు. పోల్చుకోనీ. నవ్వితే నవ్వనీ. అందుకని నా తప్పు తగ్గుతుందా? తగ్గదు. మీరు క్షమించినా తగ్గదు, మీరు క్షమించవలసినది కూడా కాదిది. ఆయనకు చెప్పానా అని మీరు అడుగుతారు. లేదు. రోజూ సాయంత్రం పెనుకొండలో దిగిపోతాను, రైలు ధర్మవరం వైపు పోతుంది. అన్నా, ఆ ఫేజ్ నేను తెచ్చింది, నీ చేతులకు ఏమీ కాలేదు. ఇంత చిన్న వాక్యం. మొదటిసారి ఈరోజే దాన్ని రాయగలిగాను. రాసి, బయటికి చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అవ్వ చెంబును ఆ పండగ తర్వాత అటక మీద, అన్నిటి వెనక దాచాను. ఎక్కడ పోయిందని అమ్మ చాలాసార్లు అడిగింది. పొద్దున ఇది రాయడానికి కూర్చునే ముందు దాన్ని దించాను. ఇప్పుడు నా ఎదురుగా బల్ల మీద ఉంది. ఇన్నేళ్ల దుమ్ము దాని మీద తెల్లటి పొరలా పేరుకుంది. నేను పట్టుకుని దించిన చోట మాత్రం దుమ్ము పోయింది. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. ఇత్తడి మెరుస్తోంది ఆ ఖాళీల్లో.

అమ్మ పిలుస్తోంది. వంటింట్లోంచి వస్తే చూస్తుంది, అడుగుతుంది.

గుడ్డ పక్కనే ఉంది. ఈసారి తుడవలేదు.